తీర్మానం కూడా దస్తావేజే

"మా అమ్మాయి అనర్గళంగా మాట్లాడుతుందండీ, మరి బహుమతి ఎందుకు రాలేదు?"

మోడల్ యూఎన్ పోటీలు ముగిసిన మర్నాడు ఈ ప్రశ్నతో నాకు కనీసం రెండు ఫోన్లు వస్తాయి. హైదరాబాదు స్కూళ్లలో పిల్లలు ఐక్యరాజ్యసమితిలా కొలువు తీరే ఈ ఆటకి కొన్నేళ్లుగా నేను చెయిర్‌గా కూర్చుంటున్నాను. తల్లిదండ్రుల లెక్కలో ఇది వక్తృత్వ పోటీ. బ్లేజరు కుట్టిస్తారు, టై కట్టిస్తారు, అద్దం ముందు నిలబెట్టి ప్రసంగం వల్లె వేయిస్తారు. ముందుగా పంపాల్సిన పొజిషన్ పేపర్ మాత్రం గడువుకి గంట ముందు ఇంట్లో ఎవరో ఒకరు రాసి పడేస్తారు.

వాళ్లకి నేను చెప్పే కథ ఒక్కటే. 1957 జనవరి 23న భద్రతా మండలిలో భారత ప్రతినిధి వి.కె. కృష్ణమీనన్ కశ్మీర్ గురించి మాట్లాడటం మొదలుపెట్టి మర్నాడు ముగించాడు. అంతా కలిపి దాదాపు ఎనిమిది గంటలు. మన క్విజ్ పుస్తకాలు ఇక్కడితో చప్పట్లు కొట్టి ఆగిపోతాయి. తర్వాతేమైంది? ఆ 24నే మండలి ఓటు వేసింది. భారతదేశానికి గిట్టని తీర్మానం పది ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. సోవియట్ యూనియన్ తటస్థంగా కూర్చుంది. మీనన్‌కి అక్కడ అసలు ఓటే లేదు, ఆ ఏడాది మన దేశం మండలిలో సభ్యురాలు కాదు. ఫిబ్రవరి 20న ఓటుకి వచ్చిన మరో ముసాయిదా ఆగిపోయింది కానీ, దాన్ని ఆపింది సోవియట్ వీటో.

మాట వృథా అని నేననను. అయితే మాట గాలిలో పోతుంది, మిగిలేది కాగితం. ఆ కాగితం రాయడమే ఈ ఆటలో అసలు విద్య.

పొజిషన్ పేపర్ రాయడమంటే పరకాయ ప్రవేశం. నీ అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు, నీకు దక్కిన దేశం అభిప్రాయం కావాలి. శరణార్థుల కమిటీలో బంగ్లాదేశ్ వచ్చిన పిల్లలు మామూలుగా ఏం రాస్తారో చూడండి: "1951 శరణార్థుల ఒప్పందాన్ని అన్ని దేశాలూ తుచ తప్పకుండా పాటించాలని బంగ్లాదేశ్ కోరుతోంది." చదవడానికి బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే, బంగ్లాదేశ్ ఆ ఒప్పందంలో చేరనే లేదు. మన దేశమూ చేరలేదు, అది వేరే సంగతి.

2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌కి వచ్చారు. అంతకుముందు నుంచీ ఉన్నవాళ్లతో కలిపితే కాక్స్ బజార్ శిబిరాల్లో తలదాచుకున్నవాళ్లు పది లక్షలకు అటూ ఇటూ. అంతమందికి చోటిచ్చిన ప్రభుత్వం తన కాగితాల్లో వాళ్లని శరణార్థులు అని రాయదు. "బలవంతంగా నిర్వాసితులైన మయన్మార్ జాతీయులు" అంటుంది. నోరు తిరగని ఆ మాట ఊరికే పుట్టలేదు. శరణార్థి అన్నామంటే హక్కులు వెంట వస్తాయి, ఇక్కడే ఉండిపోవడం అనే ప్రశ్న వస్తుంది. మయన్మార్ జాతీయులు అన్నామంటే వాళ్ల ఊరు అక్కడుంది, బాధ్యత అక్కడిది, తిరిగి వెళ్లాలి అన్నట్టు. అటు మయన్మార్ పాలకులేమో రోహింగ్యా అనే మాటనే ఒప్పుకోరు. అదే మనుషులకి మూడు పేర్లు. పేపర్లో ఏ పేరు వాడారో చూస్తే ఆ పిల్ల ఢాకాలోకి ప్రవేశించిందో, ఇంకా దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉందో తెలిసిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నా నష్టం లేదు లెండి, రోహింగ్యా కుటుంబాలు ఏళ్లుగా బతుకుతున్న బాలాపూర్ ఎంతో దూరం కాదు. వెళ్లి చూసి రాసిన పేపర్ మాత్రం నాకింతవరకు ఒక్కటీ రాలేదు.

ఇంకో మాట. 2020 డిసెంబరు నుంచి బంగ్లాదేశ్ ఈ రోహింగ్యాల్లో కొందరిని భసాన్ చర్ అనే దీవికి తరలించింది. దానిమీద విమర్శలొచ్చాయి. పిల్లలు దీన్ని దాచేస్తారు. దాచకూడదు. తన దేశానికి గుచ్చుకునే ముల్లు ఏదో పేపర్లోనే తీసి, దానికి సమాధానం రాసుకున్న ప్రతినిధికి సభలో చెమట పట్టదు. మిగతాదంతా తేలిక. నేపథ్యం మూడు వాక్యాలు, దేశం ఇంతవరకు చేసింది కొంత, ఇకపై కోరేది ఎక్కువ, మొత్తం ఒకటి రెండు పేజీలు. కమిటీ విషయం మీద చెయిర్‌గా నేను రాసి పంపిన గైడునే తిప్పి రాసి నాకే పంపే అలవాటు మానుకుంటే చాలు.

ఇక తీర్మానం. మా నాన్నగారు తెనాలిలో దస్తావేజు లేఖరి. పాతకాలపు క్రయ దస్తావేజు చూశారా? ఫలానా వారి కుమారుడు ఫలానా వారికి రాసి ఇచ్చినది ఏమనగా అని మొదలైతే, మూడు పేజీల తర్వాత సంతకం దగ్గర గానీ వాక్యం ముగియదు. సమితి తీర్మానమూ అంతే. ఎంత పొడుగున్నా అది ఒక్కటే వాక్యం. పైన కర్త: సర్వప్రతినిధి సభ అనో, భద్రతా మండలి అనో. కింద వరసగా క్రియలు. మధ్యలో కామాలు, సెమికోలన్‌లు. ఫుల్‌స్టాప్ చిట్టచివర ఒక్కసారే.

ఈ వాక్యం తెలుగువాడికి ఇంగ్లీషువాడికంటే సులువుగా అర్థం కావాలి. ఎందుకంటే మొదటి సగం అంతా అసమాపక క్రియలు, రెండో సగం అంతా సమాపక క్రియలు. పాత తీర్మానాలను గుర్తుచేసుకుంటూ, పరిస్థితి గమనిస్తూ, ఆందోళన చెందుతూ... ఇది పీఠిక. దస్తావేజులో ఆస్తి తాత నుంచి ఎలా సంక్రమించిందో, ఏ పంపకంలో వచ్చిందో రాసే భాగం లాంటిది. ఆ తర్వాత అంకెలు వేసుకుని అసలు పని: ఒకటి, కోరుతోంది. రెండు, పిలుపునిస్తోంది. మూడు, ఖండిస్తోంది. పీఠికలో ఎవరినీ ఏమీ చెయ్యమనకూడదు, అసలు పనిలో చరిత్ర చెప్పకూడదు. ఎనిమిదో తరగతి వ్యాకరణం ఒంటబట్టిన పిల్లాడు ఇక్కడ తప్పు చేయడు.

దస్తావేజుల గురించి మొదలుపెడితే నాకు ఆగాలనిపించదు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం మొదలుకొని ఆగామి, సిద్ధం, సాధ్యం దాకా అష్టభోగాలతో సహా అమ్మితిని అని రాసేవారు. ఆగామి అంటే ఇంకా రానిది, ముందుముందు దక్కబోయేది. ఇంకా పుట్టని గొడవకి ఇవాళే కాగితంలో చోటు పెట్టిన ఆ లేఖరులని సమితి ముసాయిదా గదిలో కూర్చోబెట్టాలి. నాన్నగారి దగ్గరికి రాహుకాలం దాటాకే వచ్చేవాళ్లు, కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసేవాళ్లు. పసుపు రాసినంత మాత్రాన తూర్పు హద్దు పడమరైతే ఒప్పైపోదు అనేవారాయన. పోటీల్లో బ్లేజర్లు చూసినప్పుడల్లా నాకు ఆ పసుపే గుర్తొస్తుంది.

అమ్మే హక్కు ఎవరికుందో ముందు చూడాలి. సర్వప్రతినిధి సభ దేశాలకు సిఫారసు చేయగలదు, ఆజ్ఞాపించలేదు. తన బడ్జెట్ లాంటి సొంత వ్యవహారాల్లో మాత్రం నిర్ణయించగలదు. మన దేశం ప్రతిపాదిస్తే 2021 మార్చిలో ఆ సభ 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కొర్రలు విత్తమని ఏ దేశాన్నీ శాసించలేదు, శాసించే అధికారమూ దానికి లేదు. సభ్యదేశాలు శిరసావహించక తప్పని నిర్ణయం చేసేది భద్రతా మండలి, చార్టర్ 25వ అధికరణం ప్రకారం. మన పిల్లలేమో సర్వప్రతినిధి సభలో కూర్చుని "సైన్యాన్ని పంపాలని నిర్ణయిస్తోంది" అని రాస్తారు. పొరుగువాడి చేను అమ్మినట్టు.

తర్వాత హద్దులు. 1967 నవంబరు 22న మండలి ఏకగ్రీవంగా ఆమోదించిన 242వ తీర్మానం తీసుకోండి. ఆ జూన్ యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలంటుంది. బ్రిటన్ తయారుచేసిన ఇంగ్లీషు పాఠంలో భూభాగాల ముందు "ది" లేదు. ఉంటే ఆక్రమించినవన్నీ అని అర్థం వచ్చేది. లేదు కాబట్టి అన్నీ కానక్కర్లేదు అని ఇజ్రాయెల్ వాదన. ఫ్రెంచి పాఠంలో ఉన్న మాట అన్నిటినీ సూచిస్తుందని అరబ్బు దేశాల వాదన. రెండూ అధికార పాఠాలే. ఇప్పుడు తెలుగులో చెప్పి చూడండి: ఆక్రమించిన భూభాగాల నుంచి. అన్నీనా, కొన్నా? మన భాషలో ఆ తేడా చూపించే ముక్కే లేదు, "అన్ని" అని విడిగా రాయాల్సిందే. అలా రాస్తే ఆనాడు అందరూ చేతులెత్తేవాళ్లు కారు. కొన్నిసార్లు హద్దు కావాలనే చెరిపేస్తారు, ఓట్లు పడాలి కదా. చెరిపిన హద్దు మీద తగువు అర్ధశతాబ్దం దాటినా తెగలేదు.

సంతకాల సంగతి త్వరగా ముగిస్తాను. స్పాన్సర్లు రాసి ఇచ్చేవాళ్లు. సిగ్నేటరీలు సాక్షులు, చర్చకు రావాలంటారే తప్ప ఒప్పుకున్నట్టు కాదు. స్పాన్సర్లందరూ సరేనన్న మార్పు సవరణ దస్తావేజు. ఒకరు కాదన్నా సభ ఓటుకి పోవాలి.

వీటో దగ్గర మాత్రం నా పోలిక చిరిగిపోతుంది. ఉమ్మడి ఆస్తిలో ఐదుగురు అన్నదమ్ములుంటే, సంతకం పెట్టనివాడి వాటా కదలదు. మండలిలోని ఐదుగురు శాశ్వత సభ్యులూ అంతేనని పిల్లలు అనుకుంటారు. కాదు. అక్కడ ఊరుకోవడం అడ్డు కాదు, వద్దని చెయ్యెత్తాలి. 1957 జనవరి 24న సోవియట్ ఊరుకుంది, తీర్మానం నెగ్గింది. ఫిబ్రవరిలో చెయ్యెత్తింది, ఆగిపోయింది.

కాబట్టి ఈసారి మీ పిల్లలకి దేశం పేరు తెలియగానే దర్జీ దగ్గరికి పరిగెత్తకండి. ఆ దేశం ఏ ఒప్పందంలో చేరలేదో, ఏ తీర్మానానికి ఎటు ఓటు వేసిందో వెతకమనండి. 1946 నుంచి పడిన ఓట్ల వివరాలు సమితి డిజిటల్ లైబ్రరీలో ఉచితంగానే దొరుకుతాయి.