బుచి ఎమెచెటా నవలలో లెక్కకు రాని స్త్రీ శ్రమ: బీడీ కార్మిక ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

నైజీరియా నవలా రచయిత్రి బుచి ఎమెచెటా (1944–2017) లాగోస్‌లో ఇబో కుటుంబంలో జన్మించారు. పదహారో ఏట వివాహమైంది. 1962లో భర్తను అనుసరించి లండన్ చేరారు. ఆమె రాసిన నవల రాతప్రతిని భర్త తగులబెట్టాడు. ఇరవై రెండో ఏట అతనితో తెగదెంపులు చేసుకుని, ఐదుగురు పిల్లలను ఒంటరిగా పెంచుతూ సమాజశాస్త్రంలో పట్టా పొందారు. కాలిపోయిన నవలను తిరిగి రాసి 1976లో ‘ది బ్రైడ్ ప్రైస్’ పేరుతో ప్రచురించారు.

స్త్రీ శ్రమను ఆమె అత్యంత నిశితంగా చిత్రించిన నవల ‘ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్’ (1979). మాతృత్వపు ఆనందాలు అనే ఈ శీర్షికకు మూలం ఫ్లోరా న్వాపా నవల ‘ఎఫురు’ (1966) ముగింపు. ఎమెచెటా చేతిలో అది వ్యంగ్యమైంది. కథానాయిక ను ఈగో పేరుకు ఇరవై సంచుల గవ్వలని అర్థం. పుట్టుకతోనే వెల కట్టిన సమాజం ఆమె శ్రమకు మాత్రం వెల కట్టదు. భర్తను బలవంతంగా సైన్యంలోకి తీసుకుపోయినప్పుడు సిగరెట్లు, అగ్గిపెట్టెలు అమ్మి ఆమె పిల్లలను సాకుతుంది. తరువాత న్యాయస్థానంలో ఫీజులు కడుతున్నది తానేనని ఒప్పుకుంటూనే, తాను భర్త సొత్తు గనుక కట్టినది అతడేనంటుంది. నవల మొత్తానికి కీలకమైన ఘట్టం ఇదే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పాఠకులకు ఈ తర్కం అపరిచితం కాదు. పురుషులు గల్ఫ్‌కు వలసపోయిన ఇళ్లలో, సాంచాల కూలి చాలని ఇళ్లలో స్త్రీలు చాట ఒళ్లో పెట్టుకుని తునికాకులో తంబాకు చుడుతారు. వెయ్యి బీడీల లెక్కన వచ్చే కూలి ఉప్పు, పప్పు, బడి ఫీజులకు కరిగిపోతుంది. ఇంటి యజమాని పేరు మాత్రం మారదు.

ఈ పోలికకు హద్దు లేకపోలేదు. ను ఈగోది సొంత చిల్లర వ్యాపారం. బీడీ కార్మికురాలిది కంపెనీకి చేసే కూలిపని. ఇంట్లో చుట్టేవారికీ వర్తించిన 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఈమెను కార్మికురాలిగా గుర్తించింది. లాగోస్ వీధిలో ను ఈగోకు ఆ గుర్తింపు కూడా లేదు. అయితే చట్టం గుర్తించిన శ్రమను ఇల్లు గుర్తించిందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

సవతి అడాకు ఆ ఇల్లు విడిచి, సొంత సంపాదనతో కూతుళ్లను చదివించుకుంటుంది. కొడుకులనే నమ్ముకున్న ను ఈగో దారి పక్కన ఒంటరిగా మరణిస్తుంది. విదేశాల నుంచి వచ్చిన కొడుకులు అంత్యక్రియలు ఘనంగా జరుపుతారు, ఆమె పేర గుడి కడతారు. సంతానం కోరి మొక్కేవారికి ఆమె వరమివ్వదు.