ఆన్‌లైన్ దుకాణానికి క్రెడిట్ కార్డు చెల్లింపులు: పిడుగురాళ్ల సున్నం వ్యాపారులు ముందుగా తేల్చుకోవలసిన అంశాలు

పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ల పట్టణం సున్నపురాయికి, సున్నం బట్టీలకు ప్రసిద్ధి చెందినది. ఇక్కడి వ్యాపారి తన సరుకును ఆన్‌లైన్‌లో విక్రయించదలచినప్పుడు, వెబ్‌సైటు రూపకల్పన కంటే ముందుగా చెల్లింపుల ఏర్పాటును నిర్ణయించుకోవలసి ఉంటుంది. కూలి, బొగ్గు, లారీ కిరాయి ఎప్పటికప్పుడు చెల్లించవలసిన చిన్న బట్టీకి సొమ్ము నాలుగు రోజులు ఆలస్యమైనా ఇబ్బందియే.

కార్డుకు బ్యాంకు ఆమోదం లభించినంత మాత్రాన సొమ్ము వ్యాపారి ఖాతాకు చేరినట్లు కాదు. అది మొదట చెల్లింపుల మధ్యవర్తి సంస్థకు చేరి, రుసుము మినహాయించిన పిదప ఒప్పందంలోని గడువు ప్రకారం జమ అవుతుంది. రూ. 5,000 ఆర్డరుపై రుసుము 2 శాతమనుకుంటే రూ. 100, దానిపై 18 శాతం జీఎస్టీ రూ. 18 పోగా చేతికి వచ్చునది రూ. 4,882. ధర నిర్ణయంలో ఈ తరుగును లెక్కించుకొనవలెను. బ్యాంకు ఖాతా నుండి జరిగే యూపీఐ చెల్లింపులపై ఇట్టి రుసుము 2020 జనవరి 1 నుండి తొలగించబడింది. మధ్యవర్తి సంస్థలకు రిజర్వు బ్యాంకు 2020 మార్చి 17న మార్గదర్శకాలు జారీ చేసింది. ఎంచుకున్న సంస్థకు ఆ బ్యాంకు అనుమతి ఉన్నదీ లేనిదీ పరిశీలించుట తప్పనిసరి.

కార్డు వివరాలను వ్యాపారి తన వద్ద ఉంచుకొనరాదు. 2022 అక్టోబరు 1 నుండి కార్డు జారీ చేసిన బ్యాంకు, కార్డు నెట్‌వర్కు మినహా మరెవ్వరూ పూర్తి కార్డు నంబరును భద్రపరచరాదు. లెక్కల సరిపోల్చుటకు చివరి నాలుగు అంకెలు, జారీ చేసిన సంస్థ పేరు ఉంచుకొనవచ్చును. ఫోనులో నంబరు అడిగి పద్దు పుస్తకంలో వ్రాసుకొను అలవాటు ఎవరికైనా ఉన్నచో వెంటనే మానుకొనవలెను.

అసలు చిక్కు వాపసులలో ఉన్నది. పొడిసున్నం నీరు తగిలితే వేడెక్కి విచ్చిపోతుంది. వానలో తడిసిన బస్తాను కొనుగోలుదారు తిరస్కరించి తన బ్యాంకులో అభ్యంతరం తెలిపినచో, సరుకు సక్రమంగా అందినట్లు వ్యాపారియే రుజువు చూపవలసి వస్తుంది. రవాణా రసీదు, లోడు చేయునప్పటి ఛాయాచిత్రం, అందినట్లు సంతకం లేనిచో సరుకూ సొమ్మూ రెండూ పోవచ్చును. అందుచేత తడిసిన సరుకు బాధ్యత ఎవరిదో అమ్మకపు నిబంధనలలో స్పష్టంగా పేర్కొనవలెను. కొనుగోలుదారు వేరొక మార్గానికి అంగీకరించిననే తప్ప, వాపసు సొమ్మును చెల్లించిన కార్డుకే పంపవలెను.

కార్డు నుండి సొమ్ము తగ్గి, దుకాణానికి ధ్రువీకరణ అందని సందర్భాలకు రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న గడువు విధించింది. లావాదేవీ జరిగిన నాటి నుండి 5 రోజులలోగా సొమ్ము తిరిగి జమ కావలెను. ఆపై ఆలస్యమైన ప్రతి రోజుకు ఖాతాదారునికి రూ. 100 పరిహారం లభిస్తుంది. ధ్రువీకరణ రాకముందే లారీకి సరుకు ఎక్కించరాదు.