ఫైబర్ బాడీ కింద దాక్కున్న తుప్పు

పాత స్పోర్ట్స్ కారు కొనడానికి వెళ్లినవాళ్లు ముందు బాడీ చూస్తారు. రంగు సమంగా ఉందా, తలుపు సరిగ్గా పడుతోందా, ఎక్కడైనా పొక్కులు లేచాయా అని చేత్తో తడుముతారు. రేకు బాడీ కార్లకు ఈ పరీక్ష కొంతవరకు పనికొస్తుంది. లోపల తుప్పు పడితే ఎప్పుడో ఒకప్పుడు రంగు ఉబ్బి సంగతి బయటపెడుతుంది. కానీ లోటస్ ఎలాన్ లాంటి కారు దగ్గర ఈ పరీక్షను నమ్ముకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దాని బాడీ ఫైబర్‌గ్లాస్. ఎన్నేళ్లు గడిచినా దానికి తుప్పు పట్టదు. బరువంతా మోసే ఉక్కు ఛాసిస్ మాత్రం దాని కిందే, కంటికి ఆనకుండా, క్షీణిస్తూ ఉంటుంది. చెద పట్టిన ద్వారబంధం రంగు చెదరకుండా నిలబడి ఉన్నట్టే ఇదీ.

ఎలాన్ 1962లో ఇంగ్లండులో విడుదలైంది. లోటస్ అధినేత కాలిన్ చాప్‌మన్‌కు బరువు తగ్గించడమంటే పట్టుదల. రాన్ హిక్‌మన్ రూపుదిద్దిన ఈ కారు బరువు 700 కిలోల లోపే. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5కు స్ఫూర్తినిచ్చిన కార్లలో దీని పేరే ముందు చెబుతారు. ఇంత తేలికగా ఉన్నా మలుపుల్లో అంత నిబ్బరంగా నిలబడటానికి కారణం దాని వెన్నెముక ఛాసిస్. పలుచని ఉక్కు రేకులను మడిచి, వెల్డ్ చేసి, నిలువుగా లోతైన పెట్టెలా తయారుచేసి కారు మధ్యగా ముందు నుంచి వెనక్కి నడిపారు. అది ముందువైపు రెండు చేతులుగా చీలి ఇంజన్‌ను పట్టుకుంటుంది. వెనక మళ్లీ చీలి డిఫరెన్షియల్‌ను పట్టుకుంటుంది. ముందు చివర ఒక అడ్డ దూలం, దానికి రెండు పక్కలా నిలువు బురుజులు ఉంటాయి. ముందు చక్రాల స్ప్రింగులు, ఆ చక్రాలను పట్టి ఉంచే విష్‌బోన్ చేతులు ఆ బురుజులకే బిగించి ఉంటాయి.

పలుచని రేకు బలం దాని ఆకారంలో ఉంటుంది. మూసిన పెట్టెగా ఉన్నంతకాలం అది మెలిపడదు. తుప్పుకు దారి దొరికేదీ ఆ మూసిన ఆకారంలోనే. పెట్టె లోపలి గోడకు బయట వేసినంత శ్రద్ధగా రంగు వేయడం కుదరదు. వాన నీరు, చక్రాలు చిమ్మే బురద ఏదో ఒక సందులోంచి లోపలికి పోతాయి. రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ రేకు మీద చెమటలా పడుతుంది. బ్రిటన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన తేమలో తుప్పు ఎన్నో రెట్లు వేగంగా నడుస్తుంది. ఒక రేకు మీద ఇంకో రేకు పెట్టి వెల్డ్ చేసిన అతుకుల్లో ఇంకా కష్టం. ఆ సందులో చేరిన తడి ఆరదు. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అది రెండు రేకులనూ తోసి విడదీస్తుంది. అతుకు తెరుచుకున్నకొద్దీ మరింత నీరు చేరుతుంది.

ఎలాన్‌లో అన్నిటికన్నా ముందు దెబ్బతినేది ఆ ముందు బురుజుల అడుగుభాగం. లోపల చేరిన నీరు దిగిపోవడానికి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. రోడ్డు బురద, పైనుంచి పూసిన తారు కోటింగు కలిసి దాన్ని పూడ్చేస్తాయి. ఇక ఆ నీరు అక్కడే నిలుస్తుంది. కింది విష్‌బోన్ పిన్ను రేకును పట్టుకునే చోటూ సరిగ్గా అదే. అక్కడ రేకు చిల్లిపడి, బ్రేకు గట్టిగా నొక్కిన క్షణంలో పిన్ను ఊడివస్తే చక్రం అదుపు తప్పుతుంది.

ఇదే ప్రాంతంలో ఒక ముందస్తు హెచ్చరిక కూడా దాగి ఉంది. ఎలాన్ హెడ్‌లైట్లు బానెట్‌లోంచి పైకి లేచే రకం. వాటిని కదిలించేది ఇంజన్ పీల్చే వాక్యూమ్. ఆ వాక్యూమ్‌ను నిలవ ఉంచడానికి వేరే ట్యాంకు పెట్టకుండా ముందు అడ్డ దూలాన్నే మూసిన ట్యాంకుగా వాడుకున్నారు. దూలంలో సూదిమొన అంత చిల్లు పడినా గాలి చొరబడుతుంది. తొలి సిరీస్ కార్లలో అప్పుడు లేచిన లైట్లు నెమ్మదిగా వాలిపోతాయి. వాక్యూమ్ పోతే లైట్లు పైకే లేచేలా తర్వాతి కార్లలో ఏర్పాటు మార్చారు. రబ్బరు గొట్టం చీలినా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి ముందు గొట్టాలు, వాల్వులు చూడాలి. అవి బాగున్నాయంటే అనుమానించాల్సింది దూలాన్నే. చాలామంది విడిగా ఒక చిన్న ట్యాంకు పెట్టించి లైట్లు బాగయ్యాయని తృప్తిపడతారు. దానితో లైట్లు మాత్రమే బాగవుతాయి. దూలం అలాగే ఉంటుంది.

కాబట్టి పరీక్ష కింది నుంచి మొదలవ్వాలి. కారును గట్టి స్టాండ్ల మీద నిలపాలి, ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ముందు చక్రాలు తీసి బురుజుల అడుగును వైరు బ్రష్షుతో శుభ్రం చేయాలి. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, పోయిన రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవాలి. దిగబడిందంటే అక్కడ మిగిలింది రంగూ తుప్పూ మాత్రమే. నల్లటి తారు కోటింగు మందంగా, కొత్తగా కనిపిస్తే దాన్ని గీకి చూడాల్సిందే. అమ్మేవాళ్లు గీకనివ్వకపోతే ఆ కారు కొనవద్దు. పెట్టె లోపలికి సన్నని కెమెరా గొట్టం పంపితే అతుకుల స్థితి తెలుస్తుంది. బ్రిటన్‌లో 2018 మే నుంచి, పెద్ద మార్పులు చేయని 40 ఏళ్లు దాటిన కార్లకు ఏటా జరిగే ఎంఓటీ తనిఖీ తప్పనిసరి కాదు. ఇలాంటి కార్ల విషయంలో బాధ్యతంతా యజమానిదే అయింది.

తుప్పు పైపైనే ఉంటే, అంటే మొన దిగకపోతే, శుభ్రం చేసి ప్రైమరు, రంగు వేస్తే చాలు. ఒకటి రెండు చోట్ల చిల్లులుంటే మెరిసే మంచి లోహం తగిలేదాకా కోసి, అదే మందం రేకును అంచుకు అంచు కలిపి వెల్డ్ చేయించాలి. పాత రేకు మీద కొత్త రేకు అతికిస్తే తడి నిలిచే మరో సందును మనమే తయారుచేసినట్టు. బురుజు కోసేటప్పుడు కొలతలు తప్పిపోకుండా జిగ్ అనే చట్రంలో బిగించాలి. విష్‌బోన్ బిందువు కొద్దిగా జరిగినా కారు ఒక పక్కకు లాగుతుంది. బాడీ ఛాసిస్ మీద ఉండగా వెల్డింగ్ చేయనివ్వకూడదు. ఫైబర్‌గ్లాస్‌లోని రెజిన్‌కు మంట అంటుకుంటే ఆపడం కష్టం.

చిల్లులు నాలుగైదు చోట్ల కనిపిస్తే ఛాసిస్ మార్చడమే మంచిది. కనిపించినవి అన్ని ఉంటే కనిపించనివి అంతకంటే ఎక్కువే ఉంటాయి. లోటస్ సంస్థే కొత్త ఛాసిస్‌ను విడిభాగంగా అమ్మింది కాబట్టి మారిస్తే కారు అసలుతనం పోతుందన్న బెంగ అక్కర్లేదు. బోల్టులు, వైర్లు, బ్రేకు పైపులు, స్టీరింగు విడదీశాక ఖాళీ బాడీని నలుగురైదుగురు ఎత్తి పక్కన పెట్టగలరు. తుప్పుతో బిగుసుకున్న బోల్టుల దగ్గర మాత్రం ఓపిక కావాలి. తొందరపడి తిప్పితే ఫైబర్‌లో పాతిన లోహపు దిమ్మ దెబ్బతింటుంది.

కొత్త ఛాసిస్‌కు గాల్వనైజింగ్ ఉంటే మేలు. సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింక్‌లో ముంచినప్పుడు అది పెట్టె లోపలి గోడలకూ పడుతుంది. తర్వాత గీత పడినా ముందు జింకే కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. ఆ తర్వాత కూడా ఏటా నీరు దిగే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూసుకోవాలి, లోపలికి మైనం స్ప్రే చేయించాలి, తడిసిన కారును కవరు కప్పి మూసెయ్యకూడదు.

మన తీరంలో రోడ్ల మీద ఉప్పు చల్లరు, సముద్రపు గాలే ఆ ఉప్పును మోసుకొస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో పాత జీపును ప్రేమగా కాపాడుకుంటున్నవాళ్లు కూడా దాని ఫ్రేమును ఇలాగే కింది నుంచి తట్టి చూసుకోవాలి. పాత కారు మీద ప్రేమ ఉన్నవాళ్లు ముందు డబ్బు పెట్టాల్సింది ఛాసిస్ మీద. కొత్త రంగు తర్వాతైనా వేయించుకోవచ్చు.