దూరప్రయాణములకు దగిన మోటారుసైకిలు

పాడియావును కొనునపుడు పొదుగును, బండియెద్దును కొనునపుడు గిట్టలను జూచి బేరమాడుట మన పెద్దలు నేర్పిన విద్య. మోటారుసైకిలును కొనునపుడు మాత్ర మా విద్యను మరచి, రంగును, అంగడివాని మాటను, ప్రక్కింటివారి గొప్పను జూచి లక్షలు ధారపోయుచున్నాము. ఈ దినములలో బిడ్డలు కోరునది బజారునకు బోయివచ్చు బండి గాదు. ఘాట్లును, అడవులును, రాళ్లదారులును దాటి దేశము తిరుగు ‘అడ్వెంచరు’ మోటారుసైకిలు. కొడుకే కాదు, కూతురును గోరుచున్నది. ధనము గృహమునది, ప్రాణము బిడ్డది. కావున దీని గుణదోషముల నెరుగుట గృహిణులకును విధియని నా తలంపు.

సామాన్యపు బండి చదునైన తారుదారికై చేయబడినది. ఈ జాతి బండికి ముందుచక్రము పెద్దది. గతుకుల నోర్చుటకు స్ప్రింగులు పొడుగు. ఇంజను నేలకు తగులకుండ ఎత్తున నుండును. నడుపువారు నడుము వంపక నిటారుగ గూర్చుండవచ్చును. గతుకులలో కాలిమెట్లపై లేచి నిలువవచ్చును. సామానుపెట్టెలు బిగించుటకు తావుండును.

ఇది పురుషులకే చెల్లు పనియని తలపవలదు. 2018వ సంవత్సరమున జయభారతిగారి నాయకత్వమున నలుగురు స్త్రీలు 400 సి.సి. తరగతి బండ్లపై హైదరాబాదునుండి బయలుదేరి, మయన్మారు, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాము దేశములమీదుగ సుమారు 17,000 కిలోమీటర్లు తిరిగివచ్చిరి. వారిలో నొకరగు పియా బహదూరుగారు ఆ యాత్రను ‘రోడ్ టు మెకాంగ్’ అను పేర ఆంగ్లమున గ్రంథముగ వ్రాసిరి. జయభారతిగారు ‘మోవో’ యను సంస్థను నెలకొల్పి, స్త్రీలకు బండి నడుపుట నేర్పించుచున్నారు.

ఇక దారులమాట. మొదట మన దారి యెట్టిదో తెలియక బండి నెన్నుట కాలు కొలువక చెప్పులు కుట్టించుటవంటిది. మా నల్లమాడ సీమనే చూడుడు. పెనుకొండ ప్రక్కగ బోవు 44వ జాతీయరహదారి నున్నని నాలుగువరుసల బాట. అచట గాలివేగమున బోవు లారీలను దాటుటకు ఇంజనుకు శక్తి కావలయును. కదిరికిని, తిమ్మమ్మ మఱ్ఱిమానునకును బోవు దారులలో మలుపులు, గొఱ్ఱెలమందలు, గుంతలు. ఊరిబాటలపై గులకరాళ్లు, చిత్రావతి యెండినచోట ఇసుక. వానలు మాకు కరవే. కాని కురిసిననాడు జమ్మలమడుగువైపు నల్లరేగడి చక్రమునకు పిండివలె పట్టి కదలనీయదు. దోర్నాలనుండి శ్రీశైలమునకు బోవు నల్లమల ఘాటు వేరొక తీరు. అడవిలో పెట్రోలు దొరకదు, రాత్రివేళ అటవీశాఖవారు పోనీయరు. ఒక్క యాత్రలో నిన్ని దారు లెదురగును గనుక, ఒక్క గుణమునే జూచి బండిని కొనరాదు.

బండికి శక్తి యొక్కటియే ప్రధానము గాదని భారతమందలి నలోపాఖ్యానము నెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. బాహుకుడై యున్న నలుడు బక్కగుఱ్ఱములను దెచ్చి రథమునకు బూన్చగా ఋతుపర్ణుడు సందేహపడెను. నలుడు చూచినది కండలు గాదు, దూరమోర్చు లక్షణములు. మనమును లక్షణములనే చూతము.

మొదటిది పీఠము యెత్తు. ఈ బండ్లకు పీఠము 800 మిల్లీమీటర్లకు పైబడి, అనగా రెండడుగుల ఏడంగుళములు మించి యుండును. పొట్టివారికి రెండుపాదములును నేల నానవు. ఒక పాదము గట్టిగ ఆనినను సాధకులకు చాలును, క్రొత్తవారికి చాలదు. కొన్ని బండ్లకు తక్కువయెత్తు పీఠమును వేరుగ కొని అమర్చుకొనవచ్చును.

రెండవది బరువు. దీనిని కొనువారు తక్కువగ తలంతురు. ఇసుకలో నిలుపునపుడు బండి వాలుట సహజము. అపుడెత్తువా రెవరు? ఇంజను నార్పి, బండిని గేరులో నుంచి, పీఠమునకు వీపునాని, ఒకచేత హ్యాండిలును, ఒకచేత వెనుక కమ్మిని పట్టి, నడుముతో గాక కాళ్లబలముతో వెనుకకు నడచుచు లేపవలెను. ఇది రానివారు ఒంటరిగ కొండదారి పట్టరాదు.

ఈ రెంటిని మనసునందుంచుకొని మూడు బండ్లను పోల్చి చూడుడు. 2023లో వెలువడిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 అను బండి 452 సి.సి.ది, పీఠము 825 మి.మీ., బరువు 196 కిలోలు, ట్యాంకు 17 లీటర్లు, నేలకు నెడము 230 మి.మీ. సామానుతో, వెనుక నొకరితో దూరభూములకు బోవువారికి ఇది తగును. 2022లో వచ్చిన సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ 249 సి.సి.ది, పీఠము 835 మి.మీ., బరువు 167 కిలోలు, ట్యాంకు 12 లీటర్లు, నేలకు నెడము 205 మి.మీ.; తారుదారి యెక్కువై మట్టిదారి తక్కువైన చోట హాయి. 2025లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 210 మట్టికిని, రాళ్లకును తగిన తేలికబండి. దాని ట్యాంకు 13 లీటర్లు. రహదారిపై రోజంతయు నతివేగము గోరువారికి చిన్న యింజను చాలదు. మా యూరిబాటలకు అదియే మిన్న.

పెట్రోలు లెక్క మన పోపులపెట్టె లెక్కవంటిదే. సామానుతో లీటరునకు 25 కిలోమీటర్లే వచ్చునని తగ్గించి గణించినను, 12 లీటర్లకు 300, 17 లీటర్లకు 425 కిలోమీటర్లు. అడవి ముందున్నపుడు సగము ట్యాంకునకే మరల నింపుకొనుట వివేకము.

బ్రేకులమాట ముఖ్యము. 2019 ఏప్రిలునుండి మన దేశమున 125 సి.సి. దాటిన క్రొత్తబండ్ల కెల్ల ఏ.బీ.ఎస్. తప్పనిసరియైనది, తడిదారిలో చక్రము బిగిసి జారకుండ నది కాపాడును. కాని గులకరాళ్ల దిగువలో వెనుకచక్రమునకు నదియే యడ్డగును. వెనుకదానిని తాత్కాలికముగ నాపు మీట గల బండిని చూడుడు. తారుపై మరల దానిని పనిచేయనీయుట మరవరాదు.

చక్రముల విషయమున మా సీమవారికి తుమ్మముల్లే గురువు. కమ్మీచక్రములు రాళ్లదెబ్బ కోర్చును. కాని ట్యూబు గలవైనచో ముల్లు దిగినప్పుడు చక్రము నూడదీయవలెను. ట్యూబులేని టైరైనచో దారిలోనే పూడ్చి, చేతిపంపుతో గాలికొట్టి సాగిపోవచ్చును.

మా బంధువులలో నుద్యోగము చేయు నొక పిల్ల యిట్టి బండిని గోరినది. యెత్తు అయిదడుగుల యొక్క యంగుళము. పెద్దబండి కొన్ననే గౌరవమని స్నేహితులు చెప్పిరి. అసలే కొనరాదని తండ్రి పట్టుబట్టెను. బండి తాకియెరుగని తల్లి యిద్దరికిని నడుమ నొక మార్గము జూపెను. దుకాణమున పెద్దబండిని స్టాండు తీసి పదియడుగులు వెనుకకు త్రోయుమనెను. నాలుగవ యడుగుననే పిల్ల చేతులు వణకెను. తేలికబండితో నదేపని తేలికయయ్యెను. ఆరుమాసములు దగ్గరిదారులలో సాధన చేసిన పిమ్మటనే దూరము పోవలెనని తండ్రి విధించిన నియమమును పాటించి, ఆమె యొక తోడుతో శ్రీశైలము పోయివచ్చినది. తల్లి జూపిన యా పరీక్షయే నేనందరికిని చెప్పుచున్నాను.

బండి ధరతో వ్యయము తీరదు. రిజిస్ట్రేషను, భీమా, ఐ.ఎస్.ఐ. ముద్రగల హెల్మెట్టులు, చేతితొడుగులు, చీలమండను గప్పు బూట్లు, పెట్టెలు అను వానికై వేరుగ ధనము దాచుకొనవలెను. వెనుక గూర్చుండువారికిని హెల్మెట్టు చట్టప్రకారము తప్పనిసరి. చీరచెరగును, వోణీని చైను లాగుకొని జరిగిన ప్రమాదము లెన్నియో. దూరప్రయాణమున బిగువైన దుస్తులే క్షేమము. బరువైన సామాను క్రిందను, బండి నడుమకు దగ్గరను కట్టవలెను.

కొనుటకు ముందు మీ యూరికి నెంతదూరమున మరమ్మతుశాల యున్నదో, విడిభాగములు దొరకునో లేదో విచారింపుడు. ఎంత గొప్పబండియైనను బాగుచేయువాడు లేనిచో నింటిముందు బొమ్మయే. బిడ్డకు వలదని చెప్పుట సులభము; తగినదాని నెన్నియిచ్చుట కష్టము. ఆ కష్టమునందు తల్లులు పాలుగొందురుగాక!