పక్షవాతము వచ్చిన తొలి గంటలు

కలిగిరి ప్రాంతమున పొగాకు పండించు రైతునకు గంట విలువ యెట్టిదో ఎవరును నేర్పనక్కరలేదు. బ్యారన్‌లో ఆకు క్యూరింగు జరుగు రాత్రులలో ఆతడు నిద్ర మాని కాచుకొని కూర్చుండును. వేడిమి మార్చవలసిన గంట దాటిపోయినచో ఆకు రంగు చెడును. చెడిన రంగు వేలంకేంద్రమునకు పోవునాటికి మరలి రాదు. ఇంతటి జాగ్రత్త గల ఇండ్లలోనే, పెద్దవానికి ఒక రాత్రి నోరు వంకరపోయి చేయి పడిపోయినప్పుడు, "తెల్లవారనిండు, చూతము" అని కూర్చుండుట కద్దు. తెల్లవారిన పిదప పసరు పోయించుటకు ఒక ఊరు, మర్దన చేయించుటకు మరియొక ఊరు తిరుగుదురు. ఆసుపత్రి చేరునప్పటికి రెండవదినము గడచిపోవును. మెదడునకు రక్తమును మరల అందించు చికిత్సలు నేడు కలవు. కాని వానిలో ముఖ్యమైనవి తొలి గంటలకే చెందినవి. ఈ సంగతి గ్రామములందలి ప్రతి కుటుంబమును ఎరిగియుండవలెను.

మెదడులో జరుగునదేమి?

శరీరపు బరువులో మెదడు నూటికి రెండు పాళ్లు మాత్రమే. అయినను శరీరము వినియోగించు ప్రాణవాయువులో దాదాపు అయిదవవంతు దానికే కావలెను. మెదడు దానిని నిలువచేసికొనజాలదు గనుక రక్తనాళములు నిరంతరము అందించుచుండవలెను. ఒక నాళమున రక్తపుగడ్డ అడ్డుపడినచో, ఆ నాళముపై ఆధారపడిన భాగము పనిచేయుట మానును. అది నడిపించు చేయియో, కాలో, నాలుకయో చచ్చుబడును. పక్షవాతములలో ఎక్కువపాలు ఇట్టివే. తక్కినవానిలో నాళము చిట్లి రక్తము మెదడులోనికి కారును.

చెరువుకాలువకు పూడిక అడ్డుపడినచో దాని క్రింది పొలమంతయు ఒక్కమారుగా ఎండదు. ఒక మడి ముందుగా మాడిపోవును. దాని చుట్టునున్న పైరు, ప్రక్కమళ్లనుండి ఊరు తడితో, వాడి తలవాల్చియుండునే గాని చావదు. మెదడులోను అట్లే. నడిభాగము కొలది నిమిషములలోనే నశించును. చుట్టునున్న భాగము ప్రక్కనాళములనుండి వచ్చు కొద్దిపాటి రక్తముతో కొన్ని గంటలు ప్రాణము నిలుపుకొనియుండును. వైద్యులు రక్షింపగలిగినది ఈ వాడిన భాగమునే. పెద్దనాళము మూసుకొనిన రోగికి నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో ఒక అమెరికా వైద్యుడు లెక్కకట్టెను.

గడ్డను కరగించు మందు

ఆల్టిప్లేస్ అను మందును మూడుగంటలలోపల నరమునకెక్కించినచో, మూడునెలల తరువాత అవిటితనము లేకయో, కొద్దిపాటి లోపముతోనో తిరుగువారి సంఖ్య పెరుగునని 1995లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. 1996లో అమెరికా ప్రభుత్వము దీనికి అనుమతినిచ్చెను. నాలుగున్నర గంటలవరకు ఇచ్చినను ప్రయోజనము కలదని 2008లో తేలినది. టెనెక్టిప్లేస్ అను మరియొక మందు నేడు మనదేశమున వాడుకలోనున్నది. ఆల్టిప్లేస్ ఎక్కించుటకు గంటకాలము పట్టగా, ఇది ఒక్క సూదితో ముగియును.

ఈ మందు అపాయము లేనిది కాదు. 1995 నాటి పరిశోధనలో మందు పొందిన ప్రతి నూరుగురిలో సుమారు ఆరుగురికి మెదడులో రక్తస్రావము జరిగి స్థితి విషమించినది. కావుననే ముందుగా సి.టి. స్కాను తీసి, నాళము మూసుకొనెనో చిట్లెనో నిర్ణయింతురు. చిట్లినవానికి ఈ మందు ఇచ్చుట ప్రాణాంతకము. పైకి కనిపించు లక్షణములనుబట్టి ఈ భేదము చెప్పుట ఎంతటి అనుభవజ్ఞునికైనను సాధ్యము కాదు.

పెద్దనాళము మూసుకొనినప్పుడు మందు ఒక్కటియే చాలకపోవచ్చును. అట్టివారికి తొడవద్ద నాళములోనికి సన్నని గొట్టమును చొప్పించి, మెదడువరకు నడిపి, గడ్డను బయటికి లాగివేయుదురు. ఈ పద్ధతి మేలైనదని 2015లో పలుదేశముల పరిశోధనలు స్థిరపరచినవి. తగిన రోగులను ఎన్నుకొనినచో 24 గంటలవరకు ఇది ఉపకరింపగలదని 2018లో తెలిసినది. అయినను ఆలస్యమగుకొలది ఫలము తగ్గును.

దూరము, కాలము

ఉదయగిరినుండి నెల్లూరు దాదాపు నూరు కిలోమీటర్లు. నాలుగున్నర గంటలలో ప్రయాణమునకు, స్కానునకు, మందునకు కూడ కాలము సరిపోవలెను. ఇంటివద్ద పోగొట్టిన ఒక్క గంట మరి దొరకదు. కొండదారులు గల హిమాచలప్రదేశమున 2014నుండి జిల్లా ఆసుపత్రుల వైద్యులు, దూరముననున్న నిపుణులకు స్కాను చిత్రమును ఫోనులో చూపి, వారి సలహాపై ఈ మందు నిచ్చుచున్నారు. అక్కడి ప్రభుత్వము మందును ఉచితముగా సమకూర్చినది. రోగి వేళకు చేరినచో దూరమును జయింపవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఇంటివారు చేయవలసినది

నవ్వమన్నప్పుడు మూతి ఒకప్రక్కకు పోయినను, రెండుచేతులు చాపమన్నప్పుడు ఒకటి జారినను, మాట ముద్దగా వచ్చినను, వెంటనే 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున ఆరంభమైన ఈ సేవ ఇట్టి ఆపదలకే ఉద్దేశింపబడినది. సి.టి. స్కాను రాత్రివేళ కూడ పనిచేయు ఆసుపత్రికే తీసికొనిపోవలెనని సిబ్బందిని కోరవలెను. స్కాను లేని చోట ఆగినచో కాలము వృథాయగును.

రోగి చివరిసారి బాగుగానుండిన వేళను కాగితముపై వ్రాసికొనుడు. నిద్రలో వచ్చినచో, పండుకొనిన వేళ చెప్పవలెను. అట్టివారికిని ఇంక దారిలేదని నిరాశపడరాదు, కొందరికి ఎం.ఆర్.ఐ. పరీక్షవలన చికిత్సకు వీలున్నదని తెలియవచ్చును.

నోటిలో నీరుగాని, కాఫీగాని, పసరుగాని పోయరాదు; మ్రింగుట కుదరక ఊపిరితిత్తులలోనికి పోవును. వాంతియగుచున్నచో ప్రక్కకు తిరిగి పండుకొనబెట్టవలెను. ఇంటనున్న బి.పి. మాత్ర వేయరాదు. నాళము మూసుకొనినప్పుడు ప్రక్కనాళములద్వారా రక్తమును నెట్టునది ఆ పోటే. దానిని ఒక్కమారుగా తగ్గించినచో వాడిన భాగము కూడ మాడిపోవును. స్కానుకు ముందు ఆస్పిరిన్ సైతము వేయరాదు. ప్రభుత్వ వైద్యసేవా పథకపు కార్డు కొరకు దారినుండి ఇంటికి మరలరాదు. దానిని వెనుక మరియొకరు తేవచ్చును.

లక్షణములు పదినిమిషములలో తమంతట తగ్గినను ఆసుపత్రికి పోవుట మానరాదు. అది రాబోవు పెద్ద పక్షవాతమునకు హెచ్చరిక కావచ్చును.

తరువాతి దినములు

నశించిన భాగమునకు రక్తము పెంచుదుమని చెప్పి అమ్ము మాత్రలు, తైలములు పెక్కు కలవు. నాళములను వెడల్పుచేయు మందులు పక్షవాతరోగులకు మేలుచేయునని రుజువు కాలేదు. తలచర్మపు నాళమును మెదడు నాళమునకు అతుకు శస్త్రచికిత్స సామాన్యరోగులకు ప్రయోజనకారి కాదని 1985లోనే పెద్ద పరిశోధన తెలిపినది. కాని మెడలోని పెద్దనాళము నూటికి 70 పాళ్లకు మించి పూడి పక్షవాతము వచ్చినవారికి, ఆ పూడికను తొలగించు శస్త్రచికిత్స మరల రాకుండ కాపాడునని 1991లో తేలినది. దానిని తొలి రెండువారములలో చేయించుట ఉత్తమము. తక్కినవారు వైద్యుడు చెప్పిన ఆస్పిరిన్ వంటి మందు, కొవ్వును తగ్గించు మందు విడువక వాడవలెను. బి.పి., చక్కెరవ్యాధి అదుపులోనుండవలెను. చుట్ట, బీడి, సిగరెట్టు మానవలెను. పొగాకు పంటపై బ్రతుకు ప్రాంతమున ఈ మాట చెప్పుట కష్టమే. అయినను పొగ రక్తనాళములను చెరచుననుట నిజము. పడిపోయిన చేతికి, కాలికి వ్యాయామము వైద్యుని సలహాపై ఆరంభించినచో, మిగిలిన మెదడు కోల్పోయిన పనులను కొంతవరకు మరల నేర్చుకొనును.

ప్రతి గ్రామమునందును ఆశా కార్యకర్తలును, స్వయంసహాయక సంఘముల స్త్రీలును, రాత్రివేళ స్కాను పనిచేయు ఆసుపత్రి ఏదియో ముందుగానే విచారించి అందరికిని తెలియజేయవలెను. ఆపద వచ్చిన రాత్రి విచారించుటకు వ్యవధి ఉండదు. బ్యారన్‌లోని ఆకుకొరకు రాత్రియంతయు మేలుకొనువారు, ఇంటి పెద్దకొరకు ఆ రాత్రియే బయలుదేరుట న్యాయము.