నా పేరులో టోపీ ఉంది

ఒకసారి ట్రైనింగుకని కోస్తా వైపు పోయినా. హాజరు పిలిచే ఆయన నా పేరు దగ్గర ఆగిపోయినాడు. "కుళ్... కుళ్లాయమ్మా? అంటే కుళ్లా?" అన్నాడు. హాలంతా నవ్వు. తెలుగులో కుళ్లంటే ఏందో అందరికీ తెలుసు కాబట్టి నాకూ నవ్వొచ్చింది. అదే అనంతపురం జిల్లాలో మా నార్పల పక్క ఏ ఊర్లోనైనా వీధిలో నిలబడి "కుళ్లాయమ్మా" అని కేకేయండి, మూడిండ్లలోంచి తలలు బయటికొస్తాయి. చిన్నప్పుడు మా తరగతిలోనే ముగ్గురం ఉండేవాళ్లం: పొడుగు కుళ్లాయమ్మ, మిట్టింటి కుళ్లాయమ్మ, నల్ల కుళ్లాయమ్మ. మూడోది నేను.

కుళ్లాయి అంటే టోపీ. చలికాలం పసిపిల్లల చెవులు కప్పే ఉన్ని టోపీని మా అవ్వ కుళ్లాయనే అనేది. పారశీకంలో 'కులాహ్' అనే మాట ఇది. టోపీతో పాటే మాట కూడా మన వైపు వచ్చింది. విజయనగర కొలువులో పెద్దమనుషులకు అదే దర్జా. పదిహేనో శతాబ్దంలో ప్రౌఢదేవరాయల కొలువుకు పోయిన శ్రీనాథుడు కుళ్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందని వాపోయినట్టు ఆయన పేరు మీద ఒక చాటువు ఉంది. టోపీ ఎట్లుండేదో చూడాలనుంటే లేపాక్షికి పోండి. వీరభద్రస్వామి గుడి కప్పు మీద పదహారో శతాబ్దం నాటి రంగు బొమ్మల్లో, గుడి కట్టించిన విరుపణ్ణకూ అతని పక్కనోళ్లకూ నెత్తిన పొడుగాటి కోసు టోపీలున్నాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూసినా. నా పేరు అక్కడ వరసగా నిలబడుకోనుంది!

రాజుల నెత్తిమీది టోపీ నల్ల కుళ్లాయమ్మ దాకా వచ్చిన దారి గూగూడు మీదుగా. నార్పల మండలంలో చిన్న ఊరది. అక్కడ మకానంలో ఉండేది కుళ్లాయిస్వామి, అంటే పీరు. మొహర్రం, అదే పీర్ల పండగ, వచ్చిందంటే ఆంధ్ర, కర్ణాటక నుంచి లక్షల్లో జనం దిగుతారు. స్వామిని ఎత్తుకునేది తరతరాలుగా ఒక హిందువుల కుటుంబం. పక్కనే ఆంజనేయస్వామి గుడి. ఇక్కడ టెంకాయ కొట్టినోళ్లే అక్కడ చక్కెర చదివిస్తారు. కవి అఫ్సర్ ఈ ఊరి పండగ మీద పరిశోధన చేసి రాసిన ఇంగ్లీషు పుస్తకం, 'ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్', 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చేసింది. మాకేమో అది పుస్తకంలో ఉండేంత వింతని అప్పటిదాకా తెలియదు.

మా అమ్మకు నాకు ముందు ఇద్దరు పుట్టి పోయినారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే జిల్లా ఇది. చెనిక్కాయ విత్తనం భూమిలో వేసినాక ఆకాశం వైపు చూడటం తప్ప చేసేదేమీ ఉండదు. కడుపు పండటమూ అంతేనని మా అవ్వ లెక్క. "స్వామీ, ఈసారి బిడ్డ నిలబడితే నీ పేరే పెట్టుకుంటా" అని అమ్మ మొక్కుకుంది. 1982లో నేను పుట్టినా. ఆ ఏడు పీర్ల పండగ అక్టోబరు ఆఖర్లో వచ్చింది. చెనిక్కాయ చెట్టు పెరికే పనులు వదిలి, నన్ను చీర కొంగులో చుట్టుకొని గూగూడుకు పోయిందంట. చక్కెర పొట్లం ఇస్తే చదివించి, సగం ఉంచుకొని సగం తిరిగి ఇస్తారు. ఆ తిరిగొచ్చిన చక్కెర రెండు పలుకులు నా నాలుక మీద పెట్టి, చెవిలో పేరు పిలిచినారు. మగపిల్లోడైతే కుళ్లాయప్ప, ఆడపిల్లైతే కుళ్లాయమ్మ. దీంట్లో ఆలోచించేదేముంది?

పీర్ల పండగ ఉగాది మాదిరి ఒక కాలానికి కట్టుబడదు. దాని లెక్కలో అధిక మాసం లేదు కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుంది. ముప్పై మూడేళ్లకు చుట్టు తిరిగి 2015లో మళ్లీ అక్టోబరు ఆఖరుకే వచ్చింది. 2025లో జులై 6న, చెనిక్కాయ విత్తే పదును చూసుకునే రోజుల్లో పడింది.

మొక్కు పేర్లు మా ఒక్కరివే కాదు. నెల్లూరు దగ్గర కసుమూరు మస్తాన్ వలి దర్గాకు మొక్కుకున్నోళ్లు మస్తానమ్మ అని పెట్టుకున్నారు. పెంచలకోన నరసింహస్వామి భక్తులకు పెంచలమ్మ. యూట్యూబులో నూరేళ్లు దాటినాక వంటలు చేసి లోకాన్ని మెప్పించిన తెనాలి పక్క అవ్వ పేరు మస్తానమ్మే. ఈ పేర్లు చూసి మనిషి మతం చెప్పేయాలనుకుంటే బోర్లా పడతారు. ఒకసారి బెంగళూరులో ఇల్లు చూడబోతే ఓనరమ్మ నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి, "మీరు ఏ మతమోళ్లు?" అనింది. నా నుదుటి బొట్టు చూస్తూనే అడిగింది. ఆ కార్డులో ఇంగ్లీషు స్పెల్లింగొకటి, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి. ఆ రెండూ కలపడానికి నేను తిరిగిన తిరుగుడు ఇప్పుడెందుకులెండి.

అంగన్‌వాడీ టీచరుగా మా ఊర్లో పుట్టే ప్రతి బిడ్డ పేరూ నా చేతి మీదుగానే రిజిస్టర్లోకి ఎక్కుతుంది. కుళ్లాయమ్మ అని రాసి ఎన్నేళ్లయిందో. ఇప్పుడన్నీ ఫోన్లో వెతికి తెచ్చే పేర్లు, అర్థమడిగితే "లక్ష్మీదేవి పేరంట టీచరమ్మా" అంటారు, ఏ పేరుకైనా అదే అర్థం. అట్లని మొక్కులు ఆగలేదు, పండగ జనమూ తగ్గలేదు. పేరు మాత్రం రిజిస్టరు దిగి ఇంట్లో కూర్చుంది.

మొన్న ఒక చిన్నమ్మాయి ఏడు నెలల బిడ్డను తూకానికి తెచ్చింది. రిజిస్టర్లో నోరు తిరగని కొత్త పేరు. నేనే రెండుసార్లు దిద్ది రాసినా. తక్కెట్లో పెడుతూనే బిడ్డ గుక్క పట్టింది. "ఏడవద్దు మే కుళ్లాయమ్మా, అయిపాయ, అయిపాయ" అని బుజ్జగిస్తా ఉంది తల్లి.

నన్నే పిలిచిందనుకొని "ఆ?" అన్నా.