గొయ్యి తవ్వితే బంద కాదు
అంచు పల్లంగా ఉంటేనే నీటికి ప్రాణం. ఉద్దానం నేర్పుతున్న పాఠం

టెక్కలి: వానలు వెనకపట్టే రోజుల్లో టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా చుట్టాలు దిగుతాయి. పెలికాన్ అనే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ అనే ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్యనున్న చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను చేసి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఇవి వస్తే ఊరికి మంచిదని గ్రామస్థుల నమ్మకం. సైబీరియా నుంచి వస్తాయని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు గాని, ఈ రెండు జాతులూ మన దేశంలోనే నీటి జాడను బట్టి తిరిగేవి. నీరు, చేప ఉన్నచోటే వాటి సంసారం.

గూటికి చెట్టు కావాలి, కూటికి నీరు కావాలి. అదీ ఎలాంటి నీరైనా పనికిరాదు. ఎర్రకాళ్ల కొంగ మోకాటిలోతు నీటిలో నిలబడి, ముక్కు సగం తెరిచి అటూ ఇటూ ఆడిస్తుంది. చేప తగలగానే టక్కున మూస్తుంది. నిలువు గోడల గోతిలో పది అడుగుల నీరున్నా, అందులో ఎంత చేప ఉన్నా ఆ కొంగకు అందదు. బంద తవ్వాలనుకునే ప్రతి ఒక్కరూ ఈ కొంగను చూసి నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

ప్రకృతి కట్టిన చెరువులు

సోంపేట ప్రాంతంలోని బీల, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర ఇలాంటి పల్లపు నీటి నేలలే. కొండల నుంచి గెడ్డల్లో దిగిన వాన నీరు సముద్రంలో కలిసే ముందు ఇక్కడ పరచుకుని నిలుస్తుంది. లోతు తక్కువ, వైశాల్యం ఎక్కువ. తుంగ, జమ్ము, కలువ పెరుగుతాయి. చేప గుడ్లు పెడుతుంది. పశువులు మేస్తాయి. అంచుల్లో వరి పండుతుంది. మత్స్యకారుడికి, రైతుకు, పక్షికి ఒకే చోట కూడు దొరుకుతుంది.

చూసే కళ్లకు ఇవి పనికిరాని బురద నేలల్లా కనిపిస్తాయి. ఈ నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రాలు తలపెట్టినప్పుడు ఊళ్లు అడ్డం తిరిగాయి. సోంపేటలో 2010 జూలై 14న, కాకరాపల్లి వద్ద 2011 ఫిబ్రవరి 28న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సోంపేట కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ కాల్పులు జరిగిన రోజునే రద్దు చేసింది. ప్రాణాలొడ్డి కాపాడుకున్న ఆ పల్లపు నీటి విలువ, కొత్తగా చెరువు తవ్వేటప్పుడు మాత్రం చాలామందికి గుర్తు రావడం లేదు.

లెక్కలో ఇరుక్కున్న చెరువు

2022 ఏప్రిల్ 24న కేంద్రం ప్రారంభించిన అమృత్ సరోవర్ పథకంలో జిల్లాకు 75 చెరువులు లక్ష్యంగా పెట్టారు. ఒక్కొక్కటి కనీసం ఎకరం ఉండాలని, సుమారు 10 వేల ఘనపు మీటర్లు, అంటే కోటి లీటర్ల నీరు పట్టాలని నిర్ణయించారు. సరిగ్గా ఎకరంలోనే అంత నీరు పట్టాలంటే సగటు లోతు 8 అడుగులు రావాలి. అలా తవ్వితే గోడలు నిలువుగా నిలవక తప్పదు. లెక్క సరిపోతుంది గాని కొంగ దిగదు, గేదె దిగలేదు, కాలు జారిన పిల్లవాడు పైకి రాలేడు.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. మరి కాస్త నేల కలుపుకొని, కనీసం ఒక వైపైనా ఒక అడుగు దిగడానికి మూడు నాలుగు అడుగులు నడిచేటంత వాలు ఇవ్వాలి. గెడ్డ నీరు చెరువులో పడేచోట చిన్న పూడిక గుంట తవ్వితే మట్టి అక్కడే ఆగుతుంది. ఏటా ఆ గుంటను తోడుకుంటే చాలు. ఎక్కువైన నీరు పోయే దారిని గట్టు కంటే కిందుగా, రాళ్లు పేర్చి కట్టాలి. తుపాను వానకు గట్టు తెగేది ఈ దారి లేకనే.

ఇసుక నేలలో జాగ్రత్తలు

ఉద్దానం అంటే ఉద్యానవనం. కొబ్బరి, జీడి, పనస తోటలకు పేరుబడ్డ ఈ నేల చాలాచోట్ల ఇసుక పాలు ఎక్కువ. తవ్విన గొయ్యిలో నీరు నిలవదు. అడుగున, పక్కలా అడుగు మందాన బంకమట్టి పోసి, తడిపి, పశువులతోనో మనుషులతోనో బాగా తొక్కించాలి. ఎండి పగుళ్లు రాకముందే నీరు పెట్టాలి.

సముద్రపు ఒడ్డు గ్రామాల్లో ఇంకో సంగతి గమనించాలి. అక్కడ తీపి నీరు ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున తీపి నీరుంటే దాని కింద సుమారు 40 అడుగుల తీపి నీరు నిలుస్తుందని శాస్త్రం. మోటార్లతో పైనీరు తోడేకొద్దీ కింది ఉప్పు పైకి వస్తుంది. వాన నీటిని నిలిపి మెల్లగా ఇంకించే బంద ఈ పైపొరకు బలం. అయితే బంద నీరు తాగడానికి కాదు. ఉద్దానాన్ని పీడిస్తున్న మూత్రపిండాల జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. తాగునీటికి హిరమండలం నుంచి 2023 డిసెంబరులో ప్రారంభించిన పైపుల పథకం వంటివే దిక్కు.

పెరట్లో చిన్న బంద

తోటలో 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు చోటు ఉంటే చాలు. అంచు చుట్టూ జానెడు లోతున ఒక మెట్టు, ఆ లోపల రెండడుగుల లోతున మరొకటి, నడుమ 4 అడుగులు. సగటున రెండడుగులు నిలిస్తే సుమారు 17 వేల లీటర్ల నీరు. వేసవిలో రోజుకు దాదాపు 160 లీటర్లు, అంటే పది బిందెలు ఆవిరవుతుంది. మూడు నెలల్లో దాదాపు రెండడుగుల మట్టం తగ్గుతుంది. నడుమ 4 అడుగులు ఉండాలనేది అందుకే. 500 చదరపు అడుగుల ఇంటికప్పు మీద ఏడాదిలో పడే వాన నుంచి సుమారు 40 వేల లీటర్లు పట్టవచ్చు. ఆ నీటిని గొట్టం ద్వారా బందలోకి మళ్లిస్తే సరి.

సగం రోజు ఎండ తగిలే చోటు చూసుకోవాలి. పెద్ద చెట్టు కింద తవ్వితే ఆకు రాలి కుళ్లుతుంది. ఎరువులు, పురుగుమందుల నీరు కలవకూడదు. సిమెంటుతో కడితే సున్నపు ఘాటు పోయేదాకా కొన్ని వారాలపాటు నీరు నింపి వదిలేస్తూ ఉండాలి. ఆ తరువాతే చేపలు వేయాలి. పసిపిల్లలున్న ఇంట కంచె తప్పనిసరి.

మొక్క ముందు, చేప తరువాత

పై మెట్టు మీద తుంగ, వస. రెండో మెట్టు మీద కలువ, తామర. అడుగున నీటి నాచు నాటాలి. నీటిలో సగం వరకు ఆకు నీడ ఉంటే చాలు. గుర్రపుడెక్కను మాత్రం ఒక్క మొక్క కూడా రానీయరాదు. నీరు చిక్కటి ఆకుపచ్చగా మారిందంటే మేత, ఎరువు, సబ్బు నీరు ఎక్కువైందని గుర్తు. మొక్కలు ఆ ఎరువును తామే తినేసి నీటిని తేటగా ఉంచుతాయి.

చేపలు కొద్దిగా వేయాలి. గడ్డిచేప మొక్కలన్నీ మేసేస్తుంది. దోమల కోసం తెచ్చే గంబూసియా విదేశీ చేప. కప్ప పిల్లలను, మన చిన్న చేపలను కూడా వదలదు. ఊరి కాలువల్లో దొరికే చిన్న చేపలు, తూనీగ పిల్లలు దోమ పురుగులను తినగలవు. తూనీగను, కప్పను ఎవరూ తెచ్చి వేయనక్కర్లేదు. అంచు పల్లంగా ఉంటే అవే వస్తాయి.

పూడిక తీసేటప్పుడు ఒకే వేసవిలో మొత్తం గీకేయకూడదు. ఈ ఏడు ఒక సగం, వచ్చే ఏడు రెండో సగం తీస్తే విత్తనం, గుడ్డు మిగులుతాయి. తీసిన మట్టి పొలానికి బలం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరి, జీడి తోటలు తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. బంద అంతకాలం అడగదు. ఎండల్లో తవ్వితే వానలకు నిండుతుంది. ఈసారి గ్రామసభలో చెరువు పని మాట వచ్చినప్పుడు ఎంత లోతు అని అడిగేవారే ఎక్కువమంది ఉంటారు. అంచు ఎంత వాలు అని అడిగేవారు ఊరికి ఒక్కరున్నా చాలు.